ఎవరి వాకిలి ముందు గోడ వారిది

(అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవాల సందర్భంగా సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ జరుపుకొనే వేళ కట్టిన గుడులను, నాటిన పునాది రాళ్ళను తలచుకోవడం సహజమే. ఈ సదస్సులో మాకు ఇచ్చిన అంశం సంఘపు ఆస్తులు. అంశం పెద్దది, సమయం చిన్నది. అందుచేత ఒక మూలను మాత్రమే మీ ముందు ఉంచదలచాము. చూపు లేని పిల్లలు, వినికిడి లేని పిల్లలు చదివే బడుల భవనాలను ఎవరు చూసుకోవాలి? ఆ బడిని నడిపేవారా, లేక రాష్ట్రంలోని భవనాలన్నింటినీ చూసే ఒకే ఒక కార్యాలయమా?

పండుగ పూట ఈ ప్రశ్న ఎందుకు అని మీరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. మన బడుల, హాస్టళ్ళ, ఆస్పత్రి క్వార్టర్ల మరమ్మతులన్నింటినీ ఒకే ఆస్తుల బోర్డు కిందికి తేవాలన్న ఆలోచన ఈ శతాబ్ది సంవత్సరంలో మన పెద్దల ముందు ఉన్నది. ఇటువంటి పనిని ఇతర దేశాల్లో ప్రభుత్వాలు ఇదివరకే చేసి చూశాయి. ఏ ఏర్పాటు మంచిదో చెడ్డదో తేల్చడానికి బలవంతుల అనుభవం చాలదు. గోడను చేత్తో తడిమి నడిచే పిల్లవాడికి ఆ ఏర్పాటు ఎలా ఉన్నదో చూడాలి. అదే సరైన తూనికరాయి.

ముందుగా మా అనుభవం ఒకటి మనవి చేస్తాము. వేదాంత కళాశాలలో చదివే రోజుల్లో మేము నలుగురైదుగురం శనివారాలు ఒక అంధ బాలుర పాఠశాలకు వెళ్ళేవాళ్ళం. పిల్లలకు పాటలు నేర్పేవాళ్ళం, కథలు చదివి వినిపించేవాళ్ళం. ఒక వేసవి సెలవుల్లో ఆ బడికి మరమ్మతులు జరిగాయి. పని మంజూరు చేసింది ఎక్కడో ఉన్న కార్యాలయం, చేసింది అక్కడినుండి వచ్చిన కాంట్రాక్టరు. పని బాగానే చేశారు. వసారాకు కొత్త గచ్చు వేశారు, రంగులు వేశారు. భోజనశాలకు వెళ్ళే పాత ద్వారం మూసి, పది గజాల అవతల కొత్త ద్వారం పెట్టారు. నీళ్ళ తొట్టిని వసారా చివరకు జరిపారు. కాగితాల మీద చూస్తే ఏ లోపమూ లేదు.

బడి తెరిచిన తరువాత మేము వెళ్ళేసరికి ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు నుదుటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. పాత ద్వారం ఉన్నదనుకుని వెళ్ళి గోడకు కొట్టుకున్నాడు. తప్పు వాడిది కాదు. పడక దగ్గర నుండి పళ్ళెం దగ్గరకు ఎన్ని అడుగులో వాడికి కంఠస్థం. ఏమిరా ఇది అని మేము అడిగితే వాడు అన్న మాట ఇంతే: "అన్నా, గోడ కదిలిందని ఎవరైనా చెప్తే సరిపోయేది గదా."

ఆ బడి వాచ్‌మన్ ఆ సాయంత్రమే పాత ద్వారం ఉన్న చోటినుండి కొత్త ద్వారం దాకా నడుము ఎత్తున ఒక తాడు కట్టాడు. ఆయన ఇంజనీరు కాడు. ఆ తాడుకు ఎస్టిమేటు లేదు, టెండరు లేదు. ఆ వారమంతా పిల్లలు ఆ తాడు పట్టుకుని అన్నానికి వెళ్ళారు. మంజూరు చేసిన పెద్దలు చెడ్డవారని మేము అనడం లేదు. వారికి ఆ పిల్లలు కనబడలేదు, అంతే. కనబడినవాడు వాచ్‌మన్. ఈనాటి మన చర్చ అంతా ఆ ఇద్దరి మధ్య దూరాన్ని గురించే.

ఇప్పుడు పాత చరిత్రలోకి వెళ్దాం. పారిస్ నగరంలో అబ్బే ద లెపే అనే గురువు బధిర బాలలకు బడి నడిపాడు. అదే నగరంలో వాలెంటిన్ హాయుయీ అనే ఆయన 1785 ప్రాంతంలో అంధ బాలలకు బడి పెట్టాడు. ఫ్రెంచి విప్లవం వచ్చాక ఆ రెండు బడుల భారాన్నీ ప్రభుత్వం తన మీద వేసుకున్నది. అది మెచ్చుకోదగిన పనే. అంతవరకు దాతల దయ మీద నడిచిన బడులు దేశపు బాధ్యత అయ్యాయి. కాని 1791లో ఆ రెండు బడులనూ ఒకే మఠపు భవనంలో పెట్టారు. అంధులూ అవిటివారే, బధిరులూ అవిటివారే, ఇద్దరికీ ఒక్క కప్పు చాలునన్నట్లుగా ఆ ఏర్పాటు సాగింది.

ఆలోచించండి. వినికిడి లేని పిల్లవాడు చేతులతో మాట్లాడతాడు, కళ్ళతో వింటాడు. చూపు లేని పిల్లవాడు నోటితో మాట్లాడతాడు, చెవులతోను వేళ్ళతోను చూస్తాడు. ఒకడి భాష రెండవవాడికి అందదు. ఒకడికి వెలుతురు కావాలి, ఇంకొకడికి నిశ్శబ్దం కావాలి. ఆ రెండు బడుల పెద్దల మధ్య కూడా పొసగలేదు. 1794లో మళ్ళీ విడదీయవలసి వచ్చింది.

అంతటితో పాఠం నేర్చుకున్నారా అంటే లేదు. 1801లో పొదుపు పేరిట మరొక కలయిక జరిగింది. పారిస్‌లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ పదమూడవ శతాబ్దంలో అంధుల కోసం స్థాపించిన ఒక ఆశ్రమం ఉన్నది. మూడు వందల మందికి స్థాపించినది గనుక దాని పేరుకే పదిహేను ఇరవైలు అని అర్థం. అక్కడ ఉండేవారు పెద్దవారు. చదువుకోవలసిన పిల్లలను తీసుకువెళ్ళి ఆ ఆశ్రమంలో కలిపారు. లెక్కల పుస్తకంలో రెండూ అంధుల సంస్థలే. కాని ఒకటి వృద్ధాప్యం గడిపే చోటు, రెండవది బాల్యం గడిపే చోటు. బడిని పుట్టించిన హాయుయీ మరుసటి సంవత్సరమే పదవి విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1816 దాకా, అంటే సుమారు పదిహేనేండ్లు, ఆ పిల్లలకు తమదంటూ ఒక బడి భవనం లేకపోయింది.

విడదీసిన తరువాత వారికి ఇచ్చినది సెంట్ ఫిర్మిన్ అనే పాత సెమినరీ. చెమ్మ పట్టిన గోడలు, ఇరుకు మెట్లు, చీకటి గదులు. 1819లో ఆ గదుల్లోకి పదేళ్ళ కుర్రవాడొకడు వచ్చి చేరాడు. అతడే లూయీ బ్రెయిలీ. ఈనాడు మన భాషలో సహా లోకమంతటా అంధులు చదివే ఆరు చుక్కల లిపి ఆ చెమ్మగోడల మధ్యనే పుట్టింది. ఆయన క్షయవ్యాధితో 1852లో తన నలభై మూడవ జన్మదినం తరువాత రెండు రోజులకు కన్నుమూశాడు. ఆయన ప్రాణం తీసింది భవనమేనని మేము చెప్పలేము. కాని ఎదిగే పిల్లలు ఉండవలసిన చోటు అది కాదని ఆనాటివారే ఒప్పుకున్నారు.

అయితే కథలో రెండవ సగం కూడా న్యాయంగా చెప్పాలి. 1838లో కవి లామార్తీన్ ఫ్రాన్సు ప్రతినిధుల సభలో లేచి, ఆ పిల్లలు ఎటువంటి భవనంలో ఉన్నారో సభ్యులకు వివరించాడు. సభ డబ్బు మంజూరు చేసింది. 1843లో పిల్లలు విశాలమైన కొత్త భవనంలోకి మారారు. ఆ డబ్బు ఇచ్చింది కూడా ప్రభుత్వమే. దాతల చందాలతో అంతటి భవనం లేచేది కాదు.

అంటే ఏమిటి? 1801లో పిల్లలను ఆశ్రమంలో కలిపింది ప్రభుత్వమే, 1838లో వారికి భవనం ఇచ్చిందీ ప్రభుత్వమే. మొదటిసారి ఆ చేతికి లెక్కల పుస్తకం మాత్రమే అందింది. రెండవసారి ఆ పిల్లలు ఎలా ఉంటున్నారో అందింది. అంచేత ప్రభుత్వం చేతిలోనా, ప్రైవేటు చేతిలోనా అనే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ భవనంలో ఉండేవారి మాట ఆ చేతిదాకా వెళ్ళే దారి ఉన్నదా?

ఇది పాతకాలపు సంగతి అని తోసివేయవద్దు. మన కాలంలోనే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇదే ప్రశ్న వచ్చింది. ఆ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో అంధులకు ఒక ప్రభుత్వ పాఠశాల, బధిరులకు ఒక ప్రభుత్వ పాఠశాల ఉన్నాయి. రెండూ 1856లో స్థాపించినవి. రెండింటికీ వేరువేరు పాలకమండళ్ళు ఉన్నాయి. అంధ పాఠశాల మండలిలో చూపు లేనివారికి, పిల్లల తలిదండ్రులకు చట్టమే చోటు కేటాయించింది. బధిర పాఠశాల మండలిలో కూడా బధిరులు కూర్చుంటారు. ఎంత మంచి ఏర్పాటో గమనించండి. ఎవరి బడి గురించి మాట్లాడుతున్నారో వారే బల్ల దగ్గర ఉన్నారు.

2015లో ఆ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. ఈ రెండు పాఠశాలల భవనాల నిర్మాణం, మరమ్మతు, ఆవరణ నిర్వహణ పనులను రాష్ట్ర భవనాల కమిషన్‌కు అప్పగించింది. చదువు చెప్పడం పాఠశాలల పని, కప్పు కారకుండా చూడడం కమిషన్ పని అని పంచింది. ఆ కమిషన్ రాష్ట్రంలోని ఎన్నో ప్రభుత్వ ఆఫీసు భవనాలను చూసే సంస్థ.

ఈ పంపకంలో మేలు లేదని అనలేము. బడి సూపరింటెండెంటు చదువుకున్నది విద్యాశాస్త్రం, బాయిలరు సంగతి కాదు. ఒక్కొక్క బడి విడివిడిగా పిలిచే టెండరుకంటే అన్నీ కలిపి పిలిచే టెండరుకు ధర తగ్గుతుంది. చిన్న బడికి సొంత ఇంజనీరును పెట్టుకునే శక్తి ఉండదు. పెద్ద సంస్థకు ఉంటుంది. కప్పు పాడైతే పుస్తకాల డబ్బు తీసి కప్పుకు పెట్టవలసిన దుస్థితి కూడా బడికి తప్పుతుంది. మన మిషను బడుల ప్రధానోపాధ్యాయులు ఎందరో తమ జీవితంలో సగం పెంకులు లెక్కపెట్టడానికే వెచ్చించారని ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు.

కాని అదే టెక్సాస్‌లో ఇంకొక సంగతి ఉన్నది. రాష్ట్ర శాసనసభ కొలువుండే చారిత్రక భవనం అందరి భవనాలవంటిది కాదని, దాన్ని కాపాడడానికి 1983లో ప్రత్యేకంగా ఒక బోర్డును ఏర్పాటు చేశారు. మంచిదే. పాత రాతి కట్టడానికి దాని స్వభావం తెలిసిన చేతులు కావాలి. అయితే మా ప్రశ్న ఇది. శాసనసభ్యుల గుమ్మటానికి ప్రత్యేకమైన కన్ను కావలసివస్తే, కన్నులేని పిల్లల బడికి అక్కరలేదా? ఏ భవనం ప్రత్యేకమైనదో తేల్చేటప్పుడు మనుషులు రాళ్ళ వయస్సు చూస్తారు. లోపల నడిచే పాదాలను కూడా చూడాలని మా మనవి.

ఆ భవనాలలో అంత ప్రత్యేకత ఏమిటని కొందరు అడగవచ్చు. కొన్ని సంగతులు చెబుతాము. మన ఊళ్ళలో కిటికీ తలుపులు వసారాలోకి తెరుచుకుంటాయి. చూపున్నవాడు తప్పుకుని నడుస్తాడు. చూపు లేని పిల్లవాడి చేతికర్ర కిందికి తగులుతుంది, కిటికీ రెక్క మాత్రం వాడి ముఖానికి తగులుతుంది. గచ్చంతా ఒకే నునుపుగా ఉంటే అందంగా ఉంటుంది. కాని మెట్లు వచ్చే ముందు పాదానికి తెలిసేలా గరుకు పలకలు ఉంటేనే వాడు ఆగుతాడు. కొంచెం చూపు మిగిలినవారికి తెల్లని మెట్ల అంచున పసుపుపచ్చని పట్టీ వేస్తే మెట్టు కనబడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఖరీదైనది కాదు. తెలిసినవాడు ఒక్కడు దగ్గర ఉంటే చాలు.

బధిరుల బడి సంగతి వేరు. ఉపాధ్యాయుని వెనుక కిటికీ ఉంటే ఆయన ముఖం చీకటిగా కనబడుతుంది. పెదవులూ చేతులూ కనబడకపోతే పాఠం లేదు. వరుస బల్లలకంటే అర్ధచంద్రాకారంగా కూర్చుంటే పిల్లలు ఒకరినొకరు చూసి మాట్లాడుకుంటారు. గంట మోగితే వారికి వినబడదు, గంటతోపాటు దీపం వెలగాలి. అగ్నిప్రమాదపు హెచ్చరిక కూడా అంతే. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లలకు ప్రతిధ్వనించే పెద్ద హాలు, గడగడలాడే ఫ్యాను నరకం. అమెరికాలో బధిరుల కోసమే ఉన్న గాలాడెట్ విశ్వవిద్యాలయం 2005 నుండి బధిరులతోనే కూర్చుని, వారికి తగిన భవనం ఎలా ఉండాలో ఆలోచిస్తూ వచ్చింది. నడవాలు వెడల్పుగా ఉండాలన్నది వారు చెప్పిన వాటిలో ఒకటి. ఎందుకంటే చేతులతో మాట్లాడుకుంటూ నడిచే ఇద్దరికి పక్కపక్కన నడిచే చోటు చాలదు, ఒకరినొకరు చూసుకునే ఎడం కావాలి. చూపూ వినికిడీ ఉన్న ఏ ఇంజనీరుకు ఇది తనంతట తట్టుతుంది?

మరొక చిన్న సంగతి. మామూలు హాస్టలులో రాత్రి ట్యూబులైటు మాడిపోతే పిల్లలు చీకట్లోనే కబుర్లు చెప్పుకుంటారు. బధిరుల హాస్టలులో దీపం ఆరితే మాట ఆగిపోతుంది. భయమేసినా చెప్పుకోవడానికి వీలుండదు. కేంద్ర కార్యాలయంలో ట్యూబులైటు అర్జీ అన్ని అర్జీలలోకీ చిన్నది, అట్టడుగున ఉంటుంది. ఆ హాస్టలులో మాత్రం అది అన్నంతో సమానమైన అర్జీ. అర్జీల్లో ఏది పెద్దదో ఏది చిన్నదో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే అసలు సమస్య.

మన దేశానికి వద్దాం. అంధులకు, బధిరులకు మన దేశంలో మొదట బడులు పెట్టినవారిలో సంఘ సేవకులు ముందున్నారు. 1885లో బొంబాయిలో బధిరుల బడి కతోలిక బిషప్ లియో మ్యూరిన్ చొరవతో మొదలైంది. 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ అంధుల బడి ప్రారంభించింది. తరువాత కొద్దికాలానికే తిరునల్వేలి ప్రాంతంలోని పాళయంకోటలో మిషనరీ స్త్రీలు అంధులకు ఒకటి, బధిరులకు ఒకటి బడులు పెట్టారు. వారికి భవనాల శాఖ లేదు. పిల్లల మధ్యనే నివసించేవారు గనుక ఏ గుమ్మం తగులుతుందో వారికి తెలిసేది. అదే సమయంలో వారికి డబ్బు ఉండేది కాదు. ఆ రెండూ నిజమే.

ఈనాడు చట్టం మారింది. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులు గాని గుర్తింపు గాని పొందిన ప్రతి విద్యాసంస్థ తన భవనాన్ని, ఆవరణను అందరూ వాడుకోగలిగేలా ఉంచాలి. ఇందులో మన బడులు కూడా ఉన్నాయి. ప్రజలు వాడే పాత భవనాలను మార్చడానికి ఆ చట్టం ఐదేండ్ల గడువు ఇచ్చింది. నియమాలు వెలువడింది 2017లో. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, నియమాలలోని ప్రమాణాలు సలహాలవలె ఉంటే చాలదని, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలు నిర్ణయించాలని, ఆ పని వికలాంగులను సంప్రదించి చేయాలని చెప్పింది. సంప్రదించి అన్న మాటను మనం గుర్తు పెట్టుకోవాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోను విద్య, సంక్షేమ శాఖల భవనాలు కట్టడానికి ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. ఒక శాఖ బడిని నడుపుతుంది, మరొక సంస్థ భవనం కడుతుంది. కాబట్టి టెక్సాస్ ప్రశ్న మనకూ దూరం కాదు. మన సంఘంలో కూడా అంతే. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన 1947లోనే ఆస్తులను కాపాడడానికి ట్రస్ట్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేసుకున్నాము. హక్కు పత్రాలు ఒక చోట ఉండడం వలన ఎన్నో ఆస్తులు పరుల పాలు కాకుండా నిలిచాయి. అది దేవుని కృప. కాని పల్లెటూరి హాస్టలులో మరుగుదొడ్డి తలుపు ఊడిపోతే ఆ పత్రం వచ్చి తలుపు బిగించదు.

మరి వాక్యం ఏమి చూపుతున్నది? నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం తెరిచి చూడండి. పేర్ల పట్టిక అని మనలో చాలామంది దాటవేసే అధ్యాయమది. యెరూషలేము గోడ కట్టడానికి రాజుగారి అనుమతి కావలసి వచ్చింది. రాజుగారి అడవినుండి కలప కావలసి వచ్చింది. అధికారి పేరిట ఉత్తరం కావలసి వచ్చింది. నెహెమ్యా వాటన్నిటినీ అడిగి తెచ్చుకున్నాడు, సిగ్గుపడలేదు. పని మొత్తానికి ప్రణాళిక ఒక్కటే. కాని గోడ దగ్గరకు వచ్చేసరికి ఏమి జరిగింది? యాజకులు, కంసాలులు, వ్యాపారులు, కుమార్తెలతో కూడిన కుటుంబాలు, ఎవరి ఇల్లు ఎక్కడ ఉన్నదో ఆ ఇంటి ముందు భాగాన్ని వారే బాగుచేసుకున్నారు. ఆ గోడ బలహీనమైతే శత్రువు మొదట వచ్చేది తన వాకిలికే అని ప్రతివాడికీ తెలుసు. అందుకే రాయి సరిగా పెట్టాడు. యాభై రెండు రోజుల్లో పని ముగిసింది.

కలప రాజుది, గోడ ఇంటివారిది. మేము చెప్పదలచిన మాట అంతా ఇదే. డబ్బు, ఇంజనీరు, టెండరు, హక్కు పత్రం ఒక చోట ఉండవచ్చు, ఉండడమే మేలు. కాని ఆ భవనం ఎలా ఉండాలి, ఏ మరమ్మతు ముందు జరగాలి అనే మాట అందులో నివసించేవారి నోటినుండి రావాలి.

ప్రభువు మార్గము కూడా ఇదే. యెరికో దారిలో కేకలు వేసిన బర్తిమయికి చూపు లేదని అక్కడున్న వారందరికీ కనబడుతూనే ఉన్నది. అయినా ప్రభువు తనంతట నిర్ణయించలేదు. నీకేమి కావాలని ఆయన అతడినే అడిగాడు. సర్వము ఎరిగినవాడు అడిగాడంటే, ఏమీ ఎరగని మన కమిటీలు అడగకుండా ఉండవచ్చునా?

కనుక మన పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది: ఆస్తుల బోర్డు ఏర్పడితే అందులో చూపు లేని సభ్యులు ఒకరు, వినికిడి లేని సభ్యులు ఒకరు ఓటు హక్కుతో ఉండాలి. ప్రార్థన చేయడానికి వేదిక మీదకు పిలిచే అతిథులుగా కాదు. రెండవది: ప్రతి బడికి, ప్రతి హాస్టలుకు ఎవరి అనుమతీ అక్కరలేకుండా వార్డెను ఖర్చు పెట్టగల చిన్న మరమ్మతుల నిధి ఉండాలి. వాచ్‌మన్ తాడుకు, ట్యూబులైటుకు ఫైలు నడవకూడదు. మూడవది: పిల్లలకు ముందుగా చెప్పకుండా, వారిని చేయి పట్టి నడిపించి చూపకుండా ఏ ద్వారాన్నీ, ఏ తొట్టినీ, ఏ బల్లనూ కదపకూడదు. గ్రుడ్డివారి దారిలో అడ్డము పెట్టకూడదని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయంలో ఆజ్ఞ ఉన్నది. చెప్పకుండా కదిపిన బల్ల కూడా అడ్డమే.

ఈ మాటలు ఇతరులకు చెబుతున్న మేము నిర్దోషులమని అనుకోవద్దు. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో చందాలు వేసుకుని గుడి బలిపీఠం వేదికను ఎత్తు చేసి, తెల్లని టైల్స్ పరిచాము. అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు గాని మేము ఒక సంగతి గమనించలేదు. చూపు మందగించిన ఒక పెద్దమ్మ ప్రభువు బల్లకు రావడం మానివేసింది. ఇంటికి వెళ్ళి అడిగితే ఆమె మొదట ఏమీ చెప్పలేదు. చివరకు, "మెట్టు ఎక్కడుందో తెలియడం లేదు అయ్యగారూ, అందరిముందూ పడిపోతే బాగుండదని" అన్నది. మేము సిగ్గుపడ్డాము. ఆమెను ప్రభువు బల్లకు దూరం చేసింది ఏ ప్రభుత్వమూ కాదు, ఏ కార్యాలయమూ కాదు. అన్నీ కళ్ళారా చూస్తున్న మేమే. మరుసటి వారం మెట్ల అంచులకు పసుపు పట్టీ వేయించి, పక్కన ఇనుప పట్టుకొమ్మ పెట్టించాము. ఖర్చు ఎంతో చెప్పడానికి కూడా సిగ్గుపడే అంత తక్కువ. ఆ ఆదివారం ఆమె మొదటి వరుసలో వచ్చింది.

దూరాన ఉన్న కార్యాలయమే గుడ్డిది అనుకోవడం మనకు సులభం. కాని అడగనివాడు పక్కన ఉన్నా దూరంగా ఉన్నట్లే. అడిగేవాడు రాజధానిలో ఉన్నా వాకిట్లో ఉన్నట్లే.

మన పితరులు ఈ నూరేండ్లలో ఎన్నో గోడలు కట్టి మనకు అప్పగించారు. రాబోయే నూరేండ్లకు మనం అప్పగించే భవనాలు ఎన్ని అని దేవుడు లెక్క అడుగుతాడో లేదో మాకు తెలియదు. ఆ భవనాలలో తడుముకుంటూ నడిచిన బిడ్డ చేతికి ఏమి తగిలిందని మాత్రం తప్పక అడుగుతాడని నమ్ముతున్నాము. గోడ కదిలిందని చెప్పే సంఘంగా, కదిపే ముందే అడిగే సంఘంగా ప్రభువు మనలను స్థిరపరచును గాక. ఆమేన్.